పదహారు రంగులలో అమ్మ

మా అమ్మ చీర రంగు విషయమై నాకూ మా చెల్లెలికీ చాలా ఏళ్ళుగా ఒక చిన్న తగవు నడుస్తోంది. 1986లో చెల్లెలి పెళ్ళినాడు అమ్మ కట్టుకున్న పట్టుచీర వంగపండు రంగుదని నేనంటాను. కాదు, నేరేడుపండు రంగుదని ఆమె అంటుంది. ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరమూ ఆనాడు ఆ చీరను కళ్ళారా చూసినవాళ్ళమే. అమ్మ 1991లో వెళ్ళిపోయింది. చీర ఎవరి చేతిలో ఏమైందో మాకు తెలియదు.

ఇటువంటి తగవు తీర్చడానికి ఫోటోను మించిన సాక్షి ఉండదు. ఆ సాక్షి మాకూ ఉండేది. 2001 వానాకాలంలో మా పాత ట్రంకుపెట్టెకు చెదలు పట్టి, పెళ్ళి ఆల్బమంతా మట్టిపాలయింది. నెగటివులు అంతకు ముందే పోయాయి. మిగిలినదల్లా 1997లో నేను కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకున్న ఒక నకలు. ఆ నకలులో ఉన్నవి మొత్తం పదహారు రంగులు. ఆ పదహారింటిలో వంగపండూ లేదు, నేరేడుపండూ లేదు.

ఆ తప్పు ఎవరిదని అడిగితే, యంత్రానిదని చాలాకాలం చెప్పుకున్నాను. నాదేనని తర్వాత తెలిసింది. అది ఎట్లా తెలిసిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1996లో నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలకు ఒక కంప్యూటరు వచ్చింది. మా ఊరి పెద్దమనిషి ఒకాయన పట్నంలో తన వ్యాపారానికి క్రొత్తది కొనుక్కుని, పాతదానిని బడికి దానం చేశాడు. గట్టి తాళం ఉన్న గది గ్రంథాలయమొక్కటే. గ్రంథాలయం బాధ్యత నాది. ఆ విధంగా సంధులూ సమాసాలూ తప్ప మరొకటి ఎరుగని తెలుగు పండితుడి చేతికి ఆ యంత్రం తాళంచెవి వచ్చింది. సాయంత్రం బడి వదిలాక, పిల్లలూ నేనూ కలిసి దానిమీద బొమ్మలు గీసేవాళ్ళం.

అందులో ఉన్నది 386 ప్రాసెసరు, విండోస్ 3.1. తెరకు బొమ్మను అందించే వి.జి.ఎ. కార్డులో మెమరీ 256 కిలోబైట్లు. బొమ్మలు గీసే ప్రోగ్రాములో అడుగున రంగుల పెట్టె ఉండేది. దానిని మొదటిసారి చూసినప్పుడు పిల్లలకంటే నాకే ఎక్కువ సంబరమైంది. కానీ కొద్దిరోజులకే ఆ సంబరం తగ్గింది. పెట్టెలో గడులు ఎన్ని ఉన్నా, తెర నిజంగా చూపగలిగినవి పదహారే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, లేతనీలం, నీలం, మెజంతా అని ఆరు. ఆ ఆరింటికీ ముదురు రూపాలు ఆరు. నలుపు, తెలుపు, రెండు రకాల బూడిద. అంతటితో సరి. తక్కినవన్నీ ఈ పదహారింటిని చుక్కలుగా కలిపి చూపే మాయ.

మన భాషలో రంగుల పేర్లు ఎట్లా పుట్టాయో గమనించండి. చిలకపచ్చ, ఉల్లిపొర, కనకాంబరం, సంపెంగ, ఇటుక, గంధం, నెమలికంఠం. ప్రతి రంగుకూ ఒక పువ్వో, పండో, పక్షో పూచీ పడుతుంది. అమరకోశకారుడు ఎరుపునొక్కదానినే విడదీసి, ఇంకా స్పష్టంగా తేలని ఎరుపును అరుణమన్నాడు, తెలుపు కలిసినదానిని పాటలమన్నాడు, ఎఱ్ఱతామర చాయను శోణమన్నాడు. ఆ కోశాన్ని వల్లెవేసి పెరిగినవాడికి రెండే రెండు ఎరుపులున్న పెట్టె ఎదురైతే ఎట్లా ఉంటుంది? అన్నిటికంటే పెద్ద లోటు మరొకటి. ఆ పదహారింటిలో మనిషి ఒంటిరంగు లేదు. తెల్లటి మనిషిదీ లేదు, నల్లటి మనిషిదీ లేదు. మా అమ్మది చామనచాయ. ఆ మాటకు ఆ పెట్టెలో చోటే లేదు.

ఎందుకింత పిసినారితనమని లెక్కల మాష్టారిని అడిగాను. ఆయన సుద్దముక్క తీసుకుని గ్రంథాలయం తలుపు మీదే లెక్క వేసి చూపించారు. తెర మీద అడ్డంగా 640 చుక్కలు, నిలువుగా 480. మొత్తం 3,07,200 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగునూ గుర్తుపెట్టుకోవడానికి ఒక బైటు కేటాయిస్తే 256 రంగులు చూపవచ్చు. కానీ అందుకు 3,07,200 బైట్లు కావాలి. కార్డులో ఉన్నవి 2,62,144. చాలవు. కనుక చుక్కకు అర బైటు చొప్పున ఇచ్చి, పదహారు రంగులతో తృప్తి పడతారు. దానికి 1,53,600 బైట్లు చాలు. ఇంట్లో ఉన్న బియ్యాన్ని బట్టి విస్తళ్ళు వేయడం వంటిదే ఇది.

అంతకు ముందు కాలం ఇంకా కరువు కాలం. 1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరుతో పాటు తెచ్చిన సి.జి.ఎ. కార్డులో మెమరీ 16 కిలోబైట్లే. 320 అడ్డం, 200 నిలువు చుక్కల బొమ్మలో ఒకేసారి నాలుగు రంగులు. లేతనీలం, మెజంతా, తెలుపు, నలుపు అనే కూటమి ఆనాటి ఆటలలో ఎక్కువగా కనిపించేది. ఆ నాలుగింటితో ఆకాశం వేయవచ్చేమో గాని అడవి వేయలేము. 1984లో వచ్చిన ఇ.జి.ఎ. 64 రంగులలోంచి పదహారింటిని ఎంచుకోనిచ్చింది. 1987లో వచ్చిన వి.జి.ఎ. 2,62,144 రంగులలోంచి ఎంచుకోనిచ్చింది. అయితే ఎంచుకున్నవి ఒకేసారి తెరమీదకు రావాలంటే, చిన్న బొమ్మలో 256, పెద్ద బొమ్మలో పదహారు. భాండాగారం పెద్దదే కాని, ఒకసారి లోపలికి తీసుకుపోగలిగిన బుట్ట చిన్నది.

ఆ బుట్ట పేరే ప్యాలెట్. చిత్రకారుడి చేతిలోని రంగుల పళ్ళెం. ఉపాధ్యాయుడిని కనుక నాకు హాజరుపట్టీ పోలిక తోచింది. పట్టీలో పిల్లవాడి పేరు ఒక్కచోటే వ్రాస్తాము. ఆ పైన అంతా వరుస సంఖ్యే. పన్నెండవ నంబరు అంటే ఎవరో పట్టీ చూస్తే తెలుస్తుంది. అట్లాగే బొమ్మ ఫైలులో ప్రతి చుక్క దగ్గరా రంగు ఉండదు, నంబరు ఉంటుంది. ఆ నంబరు గలది ఏ రంగో ప్యాలెట్ చెబుతుంది. పట్టీలో పదహారే గడులుంటే పదిహేడవ పిల్లవాడు బడిలో లేనట్టే. వాడిని ఆ పదహారుగురిలో ఎవరో ఒకరి పేరుతో పిలవవలసిందే.

ఇక 1997 సంగతికి వస్తాను. తెనాలిలో ఒక డి.టి.పి. కేంద్రంలో మా పూర్వ విద్యార్థి ఒకడు పనిచేస్తుండేవాడు. తెలుగులో నా చేత ఏనాడూ నలభై మార్కులు దాటి వేయించుకున్నవాడు కాడు. శుభలేఖలు, కరపత్రాలు చేసే ఆ కేంద్రంలో స్కానరు ఉందని తెలిసి, మూడు ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. ఒకటి అమ్మ. రెండవది నాన్నగారు, అదే పెళ్ళిలో కండువా వేసుకుని పీటల పక్కన నిలబడినది. ఆయన 1994లో పోయారు. మూడవది మా పెంకుటిల్లు.

వాడి కంప్యూటరు తెర మీద మూడూ ఫోటోలో ఉన్నట్టే వచ్చాయి. ఆ కార్డులో మెమరీ ఎక్కువ. చుక్కకు మూడు బైట్లు చొప్పున ఇచ్చి 1,67,77,216 రంగులు చూపగలదు. అమ్మ ముఖం ఆ తెర మీద వెలిగినప్పుడు మేమిద్దరం కొంచెంసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత వాడు అడిగాడు. "మాష్టారూ, మూడూ పూర్తి రంగులతో కావాలంటే మూడు ఫ్లాపీలు పడతాయి. ఒక్కొక్క బొమ్మా తొమ్మిది లక్షల ఇరవై వేల బైట్ల పైన ఉంది. ఫ్లాపీలో రెండు పట్టవు."

"మూడెందుకురా? ఒక్కదానిలో సర్దు. మా బడి కంప్యూటరులో ఎట్లాగూ కనబడేవి పదహారు రంగులే."

"రంగులు కోస్తే మళ్ళీ రావు మాష్టారూ."

"మా కంప్యూటరు చూపించలేని రంగులు దాచుకుని ఏం చేసుకుంటాంరా?"

ఈ మాట నేనే అన్నాను. గురువుగారి మాటకు వాడు ఎదురు చెప్పలేదు. అమ్మ బొమ్మను పదహారు రంగులకు దించాడు. తెర మీద ముఖమంతా సన్నటి చుక్కలు లేచాయి. మశూచి పోసినట్టుంది. నాకు నచ్చలేదు. రెండవ బొమ్మకు ఆ చుక్కలు లేకుండా శుభ్రంగా చేయమన్నాను. వాడు ఏదో ఒకటి మార్చాడు. నాన్నగారి బొమ్మలో చుక్కలు పోయాయి. పోస్టరులో లాగా ముక్కలు ముక్కలుగా, అంచులు తేరి, శుభ్రంగా వచ్చింది. అదే బాగుందన్నాను. అమ్మ బొమ్మను కూడా అట్లాగే చేయించేవాడినే. ఇంతలో కరెంటు పోయి వచ్చింది, బస్సుకు వేళయింది. చుక్కలతోనే ఉండనిమ్మన్నాను. మూడవ బొమ్మ వంతు వచ్చేసరికి వాడు లెక్క చూసుకుని, "ఇంకా జాగా ఉంది మాష్టారూ, ఇంటిని మాత్రం కొయ్యకుండా అట్లాగే ఉంచేస్తున్నాను" అన్నాడు. సరేనన్నాను.

అట్లా ఒకే ఫ్లాపీలో మూడు బొమ్మలు మూడు విధాలుగా చేరాయి. చుక్కలతో కోసినది, చుక్కలు లేకుండా కోసినది, అసలు కోయనిది.

మరునాడు బడిలో తెరిచి చూశాను. ఇక్కడొక విచిత్రం. పూర్తి రంగులున్న ఇంటి బొమ్మా, రంగులు కోసేసిన నాన్నగారి బొమ్మా ఒకే తీరుగా, మరకలు మరకలుగా కనబడ్డాయి. ఇంటి గోడలు బూడిద, పెంకులు ముదురెరుపు. నాన్నగారి ముఖమూ బూడిదే. మా తెరకు ఆ రెంటికీ తేడా లేదు. "చూశావా, మూడోది తొమ్మిది లక్షల బైట్లు తిని కూర్చుంది గాని ఒరగబెట్టిందేమీ లేదు" అని లెక్కల మాష్టారితో అన్నాను. ఒకటి మూతపెట్టిన నిండుకుండ, రెండవది మూతపెట్టిన ఖాళీకుండ అని మాకు అప్పుడు తట్టలేదు. మాకు కనిపించింది మూతే.

1998 వేసవిలో విజయవాడలో మా బావమరిది ఇంట్లో 256 రంగుల కంప్యూటరు చూశాను. ఫ్లాపీ జేబులోనే ఉంది. ఇంటి బొమ్మ తెరిచాను. గోడ సున్నపు తెలుపు, గడప పసుపు, చెట్టు నీడ అన్నీ కొంచెం ముతకగానైనా పలికాయి. ఆ బొమ్మను అట్లాగే ఉంచి, ఆయన దానిమీద తన దగ్గరున్న వేంకటేశ్వరస్వామి బొమ్మను తెరిచాడు. స్వామి దివ్యంగా ఉన్నాడు కాని, వెనుక మా ఇంటి గోడలు నీలమైపోయాయి, చెట్టు గులాబీ రంగుకు తిరిగింది. మీలో కొందరికైనా ఇది అనుభవమే అయి ఉంటుంది. ఆ తెరకున్న పళ్ళెం ఒక్కటే. 256 గడులలో ఇరవై విండోస్ తన కిటికీలకూ బొత్తాములకూ ఉంచుకుంటుంది. మిగిలిన 236 ముందున్న బొమ్మవి. ముందు బొమ్మ మారగానే హాజరుపట్టీలో పేర్లు మారిపోతాయి. వెనుకబొమ్మ పాత నంబర్లతోనే పిలుస్తుంది, క్రొత్తవాళ్ళు పలుకుతారు.

ఆ రోజులలో ఈ సర్దుబాట్లు ఎన్ని విధాలో! కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చిన జి.ఐ.ఎఫ్. ఫైలులో ఒక బొమ్మకు 256 రంగులు మించవు. 1990లలో వెబ్ పుటలు చేసేవారు అన్ని తెరలమీదా ఒకే తీరుగా కనబడాలని, మూడు మూలరంగులకూ ఆరేసి మెట్లు పెట్టుకుని, ఆరును ఆరుతోనూ మళ్ళీ ఆరుతోనూ హెచ్చవేసి, 216 రంగులకు కట్టుబడేవారు. అవన్నీ ఆ కాలపు పేదరికంలో గుట్టుగా సంసారం నడుపుకున్న పద్ధతులు. వాటిని ఎగతాళి చేయను.

2004లో మా అబ్బాయి ఇంటికి క్రొత్త కంప్యూటరు తెచ్చాడు. చుక్కకు మూడు బైట్లవాటి తెర. అప్పటికి ఆల్బము చెదల పాలయి మూడేళ్ళు. పెంకుటిల్లు కూడా అమ్మేశాము, కొన్నవారు పడగొట్టి మేడ కట్టుకున్నారు. ఫ్లాపీ ఇంకా బ్రతికే ఉంది. ముందు ఇంటి బొమ్మ తెరిచాను. గడప మీది పసుపూ, కుంకుమ బొట్లూ, తలుపు ఆకుపచ్చ రంగు పెచ్చులూడినచోట కనబడే చెక్కా, సున్నం కింద నుంచి తొంగిచూసే నిరుడు వేసిన సున్నమూ అన్నీ అక్కడే ఉన్నాయి. 1997లో పదహారు రంగులలో చూసినదీ, 1998లో 256లో చూసినదీ, ఆనాడు కోటీ అరవై ఏడు లక్షలలో చూసినదీ ఒకే ఫైలు. అది పెరగలేదు, మారలేదు. దానిని చూసే కళ్ళు వచ్చేదాకా ఏడేళ్ళు ఓపికగా కూర్చుంది.

ఆ ఉత్సాహంతో అమ్మ బొమ్మ తెరిచాను. చుక్కలు. నాన్నగారి బొమ్మ తెరిచాను. బూడిద ముఖం. ఎంత గొప్ప తెర తెచ్చినా అవి అంతే. తెర చూపలేకపోయినది పోలేదు. తెరకు నచ్చేటట్టుగా నేను కోయించినదే పోయింది. "మళ్ళీ రావు మాష్టారూ" అన్న పిల్లవాడి మాట అప్పుడు చెవిలో మ్రోగింది. వాడికి నేను వేసిన నలభై మార్కులు కూడా గుర్తుకు వచ్చాయి. ఆ నలభై వాడి కొలత అనుకున్నాను. అది నా కొలబద్ద పొడవు.

ఈ కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. 2012 సంక్రాంతికి మా చెల్లెలి కుమారుడు వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం. భోజనాల దగ్గర మళ్ళీ చీర తగవు వచ్చింది. వంగపండు, నేరేడుపండు. వాడు నవ్వుతూ ఆ బొమ్మ ఏదీ చూపించమన్నాడు. చూసి, పెద్దది చేసి, చుక్కలను దగ్గరగా పరిశీలించాడు.

"మామయ్యా, ఈ చుక్కలు పెట్టినవాడెవడో గానీ మీకు మంచిపని చేశాడు" అన్నాడు.

నాకర్థం కాలేదు. వాడు వివరించాడు. పాత వారపత్రిక ముఖచిత్రాన్ని భూతద్దంతో చూస్తే కనబడేవి నాలుగు సిరాల చుక్కలే కదా, దూరం నుంచి చూస్తే అవే కలిసి వేయి రంగులవుతాయి. కంప్యూటరు బొమ్మలకూ ఆ ఉపాయమే. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1973లో చెప్పిన పద్ధతి చుక్కల ముగ్గు వంటిది. ఒక క్రమమైన చదరాన్ని బొమ్మంతా పరచుకుంటూ పోతుంది. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి మరింత ప్రసిద్ధమైనది. వారిలో ఫ్లాయిడ్‌కు తర్వాత 1978లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. వారి పద్ధతి చుక్కల ముగ్గు కాదు, అప్పుల పద్దు.

ఒక చుక్కకు రావలసిన రంగు పెట్టెలో లేదు. ఉన్నవాటిలో దగ్గరిదానిని వేస్తాము. అప్పుడు కొంత తప్పు మిగులుతుంది. ఆ తప్పును పారవేయకుండా పదహారు భాగాలు చేస్తారు. మన పాత రూపాయి లెక్కలో చెప్పుకోవాలంటే, ఏడణాలు కుడిపక్క చుక్కకు, ఐదణాలు సరిగ్గా క్రింది చుక్కకు, మూడణాలు క్రింది ఎడమదానికి, ఒక్క అణా క్రింది కుడిదానికి పంచుతారు. మొత్తం పదహారణాలు. కాణీ పోదు. ఈ చుక్కలో ఎరుపు తక్కువ పడితే పక్కచుక్క ఆ బాకీ తీరుస్తుంది. అందుకే చుక్క చుక్కా చూస్తే అన్నీ తప్పులే, గుంపుగా చూస్తే మొత్తం నిజం.

"కాబట్టి చుక్కలను మళ్ళీ కలిపేస్తే సరి" అని, వాడు బొమ్మను అడ్డంలో నాలుగో వంతు, నిలువులో నాలుగో వంతు చేశాడు. నాలుగు నాలుగులు పదహారు చుక్కలు కలిసి ఒక్క చుక్కయింది. 640 అడ్డం 160కి, 480 నిలువు 120కి దిగింది. అరచేతిలో పట్టేంత బొమ్మ.

అందులో అమ్మ ఉంది. చుక్కలు లేవు. పదిహేనేళ్ళుగా పసుపూ బూడిదా ముదురెరుపూ చల్లినట్టున్న ముఖంలోకి చామనచాయ వచ్చింది. చీర మీద నీలమూ ఊదా నలుపూ కలిసి ఒక పండు రంగు తేలింది. కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియనంత చిన్న బొమ్మ. జరీ అంచులోని పని తెలియదు. ముక్కుపుడక లేదు. ఆ పోయినవన్నీ పోయినవే. కానీ రంగు దొరికింది. నేను మశూచి అనుకుని అసహ్యించుకున్న ఆ చుక్కలే అమ్మ రంగును ఇన్నేళ్ళూ చిల్లర చేసి దాచాయి.

నాన్నగారి బొమ్మను కూడా అట్లాగే చిన్నది చేయమన్నాను. చేశాడు. బూడిద ముఖం చిన్న బూడిద ముఖమయింది. అందులో తప్పులను ఎవరికీ పంచలేదు. నాకు శుభ్రంగా కనబడాలని ప్రతి చుక్కా తన తప్పును అక్కడికక్కడే తుడిచివేసింది. తుడిచినదానిని తిరిగి కలపడానికి ఏముంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టక నా వృత్తి సంగతే ఆలోచించాను. యంత్రానికి సరిపోలేదని భాషను కోసుకోమనే సలహా మనకు క్రొత్త కాదు. టైపుమిషను మీటలకు లొంగడం లేదని తెలుగు లిపిని సంస్కరించాలని, అక్షరాలు తగ్గించాలని పెద్దలే వాదించిన రోజులున్నాయి. బండి ఱ వాడుకలో ఎట్లాగూ పోయిందని, దానిని పాఠంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన మాష్టారులలో నేనూ ఒకడిని. ఎఱుపు, గుఱ్ఱము, చెఱువు అని వ్రాసిన పాత పుస్తకాలను ఎవరైనా శుభ్రమైన ర తో తిరగ వ్రాసి, మాతృకలను పారవేసి ఉంటే, రెండు ధ్వనులుండేవన్న జాడను మళ్ళీ ఏ తెరమీద వెతుక్కునేవాళ్ళం? 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు చోటిచ్చారు. అందులో ర పక్క గడిలోనే ఱ ఉంది. వాడేవారు కొద్దిమందే కదా అని దానిని కోయలేదు. చూసే కళ్ళు ఎప్పుడు వస్తాయో చెప్పలేమని వారికి తెలుసు.

అందుచేత ఈ వయసులో నేను చెప్పగలిగిన సలహా చిన్నది. మీ ఇంట్లో పాత ఫోటోలుంటే స్కాను చేయించండి. చేయించినదానిని ఉన్నది ఉన్నట్టుగా, పూర్తి రంగులతో, పూర్తి పరిమాణంతో ఒకచోట దాచండి. ఇతరులకు పంపడానికీ, చిన్న తెరమీద చూడడానికీ కావలసినంత కోసుకోండి, కానీ నకలును మాత్రమే కోయండి. ఈనాటి తెర చూపలేనిది దండగ అనుకోకండి. నేను ఒక్క ఫ్లాపీ ఆదా చేశాను.

ఆ చిన్న బొమ్మను మేనల్లుడు ఆ రాత్రే కాకినాడలో ఉన్న వాళ్ళమ్మకు పంపాడు. తెల్లవారి ఆమె ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"చూశావా అన్నయ్యా, నేరేడుపండే" అంది.

నేను బొమ్మ ఎదురుగా పెట్టుకునే ఉన్నాను. నాకు వంగపండులాగే ఉంది. ఆమె తెర వేరు, నా తెర వేరు. పోనీలెమ్మని ఊరుకున్నాను. ఈ తగవు ఇప్పటికీ ఉంది. ఉండడమే బాగుంది.

కొంచెం ఆగి ఆమె మరొకటి అడిగింది. "నాన్నగారి బొమ్మ కూడా పంపాడు. కండువా అంచు బూడిదగా ఉందేమిటన్నయ్యా? ఆరోజు ఆయన వేసుకున్నది ఏ అంచు కండువా?"

ఎఱ్ఱంచా, ఆకుపచ్చంచా అని చాలాసేపు ఆలోచించాను. ఆమె కూడా అవతల ఆలోచిస్తూ ఉండిపోయింది. ఆ రంగు విషయంలో మా ఇద్దరికీ ఏ తగవూ లేదు. ఇద్దరికీ జ్ఞాపకం లేదు.